బరువుకు దారి

రాజకుమారి ఫల్గుణగాడి భుజం కొరికింది. పళ్ళ గుర్తులు దిగేలా కొరికింది. వాడు ఏడవడం కూడా మరిచిపోయి, చొక్కా పక్కకు లాగి, ఆ గుర్తులను మా అందరికీ తిరిగి తిరిగి చూపించాడు.

“ఏటే గుంటా, కుక్కవేటే నువ్వు?” అంది నిర్మల. నిర్మల మా పనసలబంద అంగన్‌వాడీ టీచరు. కోప్పడినప్పుడు కూడా ఆమె గొంతులో కోపం సగమే ఉంటుంది.

రాజకుమారి నేల మీద పరిచిన పాత చీరలో కూర్చుని, ఎడమ చేత్తో ఆ చీర ముడి విప్పుతోంది. ఆ చీరను ఒక వెదురు కర్రకు ఉయ్యాలలా కట్టారు. పిల్లలు డోలీ ఆట ఆడుతున్నారు.

మా గూడెం దాకా జీపు రాదు. జ్వరం ముదిరినా, పురిటి నొప్పులు మొదలైనా మనిషిని దుప్పట్లో పడుకోబెట్టి, ఆ దుప్పటిని కర్రకు కట్టి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకుని రోడ్డు దాకా దిగాలి. పిల్లలు చూసిందే ఆడతారు. పట్నంలో బస్సు ఆట ఆడినట్టు ఇక్కడ డోలీ ఆట ఆడతారు. ఆ ఆటలో రోగి ఎప్పుడూ రాజకుమారే.

అయిదేళ్ళ పిల్ల. పుట్టుకతోనే కుడి చెయ్యీ, కుడి కాలూ బిగుసుకుపోయి ఉన్నాయి. గుప్పిట విడదు. మడమ నేలకు ఆనదు. మునివేళ్ళ మీద కొద్ది దూరం నడిచి పడిపోతుంది. పడుతుందని ఎవరో ఒకరు ముందే ఎత్తేసుకుంటారు. వాళ్ళమ్మ చంకనేసుకుంటుంది, నిర్మల వీపునేసుకుంటుంది, తోటి పిల్లలు డోలీలో ఊరేగిస్తారు. పిల్లి కూనంత తేలిక కాబట్టి మోయడం అందరికీ సరదా. ఇందులో ఎవరి చెడ్డతనమూ లేదు. మా గూడెంలో ముద్దు చేయడమంటే అదే.

నేను అరుగు దిగి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాను. “ఎందుకు కొరికావమ్మా?”

ముందు ముడి విప్పడం పూర్తి చేసింది. మాట కూడా ఆమెకు నిదానంగానే వస్తుంది.

“నాను మొయ్యాల.”

“ఏటీ?” అంది నిర్మల.

“నాను మొయ్యాల! ఆడు కూకోవాల!” ఫల్గుణ వైపు గడ్డం విసిరి చూపించింది.

ఫల్గుణకు నొప్పి మరిచిపోయేంత నవ్వొచ్చింది. “నువ్వేటి మోత్తావే? నువ్వే పడిపోతావు. నన్నూ పడేత్తావు.”

ఆమె రెండోసారి కొరకబోతుంటే నిర్మల వచ్చి మధ్యలో కూర్చుంది.

*

నేను కింద ఆశ్రమ పాఠశాలలో వ్యాయామం మాస్టారిని. ఆ ఏడాది మా వైపు ‘అందరి ఆట’ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. బడి వయసు రాని పిల్లలకు నడక, పరుగు, చేతి పట్టు, వేళ్ళ పని ఆటలతో అలవాటు చేయాలి. వైకల్యం ఉన్న పిల్లలను పక్కన కూర్చోబెట్టకూడదు, వాళ్ళూ అదే ఆట ఆడేలా ఆటను మార్చాలి. పాడేరులో శిక్షణ ఇచ్చి, పనసలబంద కేంద్రాన్ని నాకు అప్పగించారు. ఉదయం పూట నన్ను పైకి వదిలేసి, చలిలో మా బడి పిల్లలను పరుగెత్తించే పని హెడ్‌మాస్టారు తన నెత్తిన వేసుకున్నారు. ఆయనకు ఉబ్బసం. అయినా ఒక్కరోజు కూడా ఆ మాట ఎత్తలేదు.

కార్యక్రమంతో పాటు పెద్ద అట్టపెట్టెలో సామాను వచ్చింది. ప్లాస్టిక్ రింగులు, స్పాంజి బంతులు, మడత పెట్టే నడక బల్ల. స్పాంజి బంతులు ఎలుకలకు బాగా నచ్చాయి. పిల్లలకు అట్టపెట్టె నచ్చింది. అందుకని మా ఆటలు మేమే చూసుకున్నాం. అడ్డాకులను పుల్లలతో కలిపి కుట్టడం, ఎండబెట్టిన కాఫీ గింజలను ఒక చిప్పలోంచి ఇంకో చిప్పలోకి వేళ్ళతో తీసి వేయడం, పడుకోబెట్టిన వెదురు బొంగు మీద నడవడం. ఇద్దరిద్దరు కూర్చుని తిరగలి తిప్పడం. వీటన్నిటిలో రాజకుమారి ఉంది. బొంగు మీద నడిచేటప్పుడు మాత్రం నిర్మల ఆమె నడుం పట్టుకునేది. నడిచింది ఎవరో చెప్పడం కష్టంగా ఉండేది.

అసలు దిగులు జూన్ గురించి. జూన్‌లో రాజకుమారి ఒకటో తరగతికి వెళ్ళాలి. బడి గూడేనికి పైన, ఏటవాలు దారి చివర ఉంది. తనంతట తాను ఎక్కలేని పిల్లను చేర్చుకుంటే రోజూ ఎవరు మోస్తారని అక్కడి మాస్టారు అడిగాడు. అతనొక్కడే అన్ని తరగతులకూ. అడగడంలో తప్పులేదు. దానికి జవాబుగా పై అధికారుల నుంచి ఒక ఏర్పాటు వచ్చింది. కొండల కింద మైదాన ప్రాంతంలో ఇలాంటి పిల్లల కోసం ఒక హాస్టలు ఉంది. దాని అధికారి ప్రేమ్‌కుమార్ గారు చలికాలంలో మండల కేంద్రం గూడెం కొత్తవీధిలో జరిగే ఆటల మేళాకు వస్తారు. పిల్లల నడక చూసి, ఎవరు ఊరి బడికి వెళ్ళొచ్చో, ఎవరిని హాస్టలుకు పంపాలో అక్కడే చెప్తారు.

ఆ హాస్టలు నేను చూశాను. మంచి భవనం. నున్నటి గచ్చు, గోడల పొడవునా పట్టుకునే కమ్మీలు, వారానికోసారి వచ్చే ఫిజియోథెరపీ డాక్టరు. పిల్లలు శుభ్రంగా ఉన్నారు. ఒకడు గేటు కమ్మీల్లోంచి చెయ్యి బయటికి పెట్టి, రోడ్డున పోయే ప్రతి బస్సుకూ ఊపుతున్నాడు.

రాజకుమారి తల్లి దేముడమ్మకు ఈ సంగతి నిర్మలే చెప్పింది. మేమిద్దరం వెళ్ళేసరికి దేముడమ్మ కాఫీ తోటలో పండు కోస్తోంది. నడుముకు కట్టిన బుట్ట విప్పకుండానే వచ్చింది.

“నా గుంట ఎక్కడికీ ఎల్లదు.”

“మంచి జరుగుతాదంట వదినా. డాట్రున్నాడంట, మిసన్లున్నాయంట.”

“మంచి అక్కడే కూకుంటాదేటి? ఇక్కడికి రాలేదేటి? దానికీ కాళ్ళు నేవేటి?”

నిర్మల నా వైపు చూసింది.

“ఆకలేత్తే ఆల్లకి ఏ బాసలో సెప్తాది? రేతిరి దుప్పటి జారిపోతే ఎవులు కప్తారు? సెప్పండి మాస్టారూ, సదువుకున్నోరు గదా,” అంది దేముడమ్మ. చెప్పేదాకా ఆగకుండా మళ్ళీ తోటలోకి వెళ్ళిపోయింది. కాఫీ పండు ఎవరి కోసమూ ఆగదు, రాలిపోతుంది.

*

కొరికిన మర్నాడు నేను రాజకుమారితో, “సరే, మొయ్యి,” అన్నాను.

చీరలో ఒక ఆనపకాయను పెట్టి కట్టాం. కర్ర ముందు కొస ఫల్గుణ భుజం మీద, వెనక కొస రాజకుమారి ఎడమ భుజం మీద. ఫల్గుణ రెండడుగులు వేశాడో లేదో వెనక కొస నేలకు తగిలింది. రాజకుమారి పడింది. మోచెయ్యి గీసుకుపోయింది. నిర్మల పరుగెత్తబోయింది, నేనూ లేవబోయాను. ఆ పిల్ల కింద నుంచే మమ్మల్ని ఒక చూపు చూసింది.

ఆ చూపు నాకు తెలుసు. నా భార్యకు పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయాక, జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టేది. నేను చెయ్యి వేస్తే కొట్టేది. మంచి చేత్తో కాదు, ఆ పడిపోయిన చేత్తోనే కొట్టేది. మొదట్లో ఆ దెబ్బ ఆకు రాలి తగిలినట్టు ఉండేది. ఒక రోజు కాస్త నొప్పి పుట్టింది. ఆ రోజు నేను వంటింట్లోకి వెళ్ళి, ఆమెకు కనపడకుండా సంతోషించాను.

అందుకని కూర్చుండిపోయాను. నిర్మలను కూడా కూర్చోబెట్టాను.

రాజకుమారి లేచింది. మళ్ళీ పడింది. ఫల్గుణ విసుక్కున్నాడు. “బేగి లెగవే, నాకు బువ్వ టైమైపోతంది!” మళ్ళీ లేచింది. ఆ పూట ఆనపకాయ వాకిలి దాటలేదు. కానీ మర్నాడు కేంద్రం తలుపు తీసే వేళకే ఆమె కర్ర పట్టుకుని కూర్చుని ఉంది.

కొన్నాళ్ళకు నాకొక సంగతి కనిపించింది. ఖాళీగా నడిచేటప్పుడు గాలిలో ఉండే ఆ కుడి మడమ, భుజాన బరువు పడగానే నేలను వెతుక్కుంటోంది. మొదట తాకి, వెంటనే లేచిపోయేది. తర్వాత తాకి, కాసేపు ఆగేది. చేతికర్ర ఇస్తే అది ఆమెతోపాటే ఊగేది. ఈ కర్రకు అటు చివర ఫల్గుణ ఉన్నాడు. వాడు గట్టిగా నిలబడితే ఆమెకు పట్టు దొరికేది. వాడు ఆమెను పట్టుకున్నట్టూ కాదు, ఆమె వాడిని పట్టుకున్నట్టూ కాదు. ఇద్దరి మధ్యా ఆనపకాయ ఉంది, దాన్ని చేర్చాలి, అంతే.

చేర్చడానికి నిర్మల పనులు కల్పించింది. కేంద్రానికి కావలసిన కూరగాయలు కింది ఇళ్ళ నుంచి వాళ్ళిద్దరే తెచ్చేవారు. మిగతా పిల్లలూ కర్రలు వెతుక్కుని జతలు కట్టారు. రాళ్ళు మోశారు, పొట్లకాయలు మోశారు, ఒకసారి ఎవరిదో కోడిని కూడా మోశారు. తిరగలి దగ్గర మాత్రం యుద్ధాలు జరిగేవి. పిడి మీద రాజకుమారి తన కుడి గుప్పిటను పెడితే, ఫల్గుణ దాని మీద తన అరచెయ్యి వేసి తిప్పేవాడు. “నీ సెయ్యి రాయిలాగున్నాదే,” అనేవాడు. “నీ మూతి రాయి,” అనేది ఆమె. తిప్పగా తిప్పగా ఆ గుప్పిటలో బొటనవేలు బయటికి వచ్చింది.

కరిచిన మచ్చ ఫల్గుణకు గొప్పయింది. కొత్తవాళ్ళు ఎవరు వచ్చినా చొక్కా లాగి చూపించి, “ఇది నా జోడీ కరిసింది,” అని చెప్పుకునేవాడు.

ఒక ఉదయం వాళ్ళిద్దరూ గుమ్మడికాయ మోసుకుని పొలాల మధ్య దారిలో వస్తున్నారు. నేను వెనక దూరంగా ఉన్నాను. కొండ మీద దారి సన్నం. ఎదురుపడితే బరువు మోసేవాళ్ళు ఆగరు. ఖాళీ చేతులవాళ్ళు పక్కకు దిగుతారు. “బరువు, బరువు” అని కేక వినిపిస్తే చాలు, ముసలీ ముతకా చూడరు, కులం చూడరు, దిగిపోతారు. ఎదురుగా గాసి వస్తున్నాడు. గూడెం పెద్ద, గంభీరమైన మనిషి. ఆ రోజు ఏదో తగవు తీర్చడానికి తెల్లటి పంచె కట్టుకుని బయల్దేరాడు.

“బరువు!” అన్నాడు ఫల్గుణ.

“బరువు!” అంది వెనక నుంచి రాజకుమారి.

గాసి ఆగాడు. పంచె కొంచెం పైకెత్తి, తడి చోడి చేలోకి దిగి నిలబడ్డాడు. ముద్దు మాటలు లేవు, నవ్వులేదు. పెద్ద మోతగాళ్ళకు ఎలా దారిస్తాడో అలాగే ఇచ్చాడు. “ఎక్కడికి మోత?” అని అడిగాడు.

“అంగనోడీకి,” అంది రాజకుమారి.

“ఎల్లండి.”

ఆ పిల్ల మొహం నాకు పక్క నుంచే కనిపించింది. ఇన్నాళ్ళూ ఆ దారిలో ఎవరి చంకలోనో, ఎవరి వీపునో, డోలీలోనో వెళ్ళింది. దారి ఇచ్చినా అది మోసేవాళ్ళకు ఇచ్చిన దారి. ఫల్గుణ భుజాన పళ్ళు ఎందుకు దిగాయో అప్పుడు అర్థమైంది నాకు.

*

మేళా దగ్గర పడ్డాక మా సూపర్‌వైజరు అనురాధ గారు కొండెక్కి వచ్చారు. మైదాన ప్రాంతపు మనిషి. జారుడు దారిలో చెప్పులు చేత పట్టుకుని, ఇంకో చేతిలో పిల్లలకు బిస్కట్ల సంచీతో వచ్చారు. ప్రతి కేంద్రమూ మేళాలో ఒక ఆట చూపించాలి. మా పిల్లలు కర్రలతో తిరగడం చూసి ఆవిడ మురిసిపోయారు.

“అబ్బ, ఎంత బాగుందండీ మాస్టారూ! ఇదే పెడదాం. రాజకుమారికి పట్టులంగా కట్టి, డోలీకి బంతిపూలు చుట్టి, నలుగురు పిల్లలూ మోసుకుంటూ వస్తే ఎంత ముద్దుగా ఉంటుంది!”

“ఆ పిల్ల మోస్తుందండీ.”

“ఎవర్ని?”

“గుమ్మడికాయని.”

ఆవిడ పకపకా నవ్వారు. “గుమ్మడికాయని ఎవరు ఫొటో తీస్తారండీ?”

“డోలీలో కూకోదు మేడమ్‌గారూ,” అంది నిర్మల. “కరిసేత్తాది.”

అనురాధ గారు నవ్వు ఆపి నన్ను పక్కకు పిలిచారు. “నేను ఫొటో కోసమే అంటున్నాననుకుంటున్నారా? ప్రేమ్‌కుమార్ గారు చూసేది నడక. అంతమంది ముందు, ఆ బురదలో పిల్ల పడిందనుకోండి, హాస్టలు ఖాయం. డోలీలో కూర్చుంటే కనీసం తోటి పిల్లలు కలుపుకుంటున్నారని నేను చెప్పుకోగలను. ఇంకో ఏడాది ఇక్కడే ఉంచమని అడగగలను.”

ఆ మాటలో కపటం లేదు. నేను తడబడ్డాను. దేముడమ్మ గుమ్మం దగ్గరే నిలబడి విన్నట్టుంది.

“పడితే లెగుత్తాది మేడమ్,” అంది. “కూకుంటే ఏటి సేత్తాది?”

“నేను మీ మంచికే చెప్తున్నానమ్మా.”

“మా మంచికి సెప్పినోలందరూ దాన్ని మోసీసినోలే. నానూ మోసీసినాను. ఇంక సాలు.”

అనురాధ గారు పిల్లలకు బిస్కట్లు పంచి, చెప్పులు చేత పట్టుకుని దిగిపోయారు. పోతూ పోతూ, మనసు మారితే పూలు తానే తెస్తానన్నారు.

*

మేళా రోజు తెల్లవారుజాము నుంచీ సన్నటి జల్లు. గూడెం కొత్తవీధిలో బడి మైదానమంతా మంచు కమ్మేసింది. రోడ్డు దగ్గర మమ్మల్ని ఎక్కించుకున్న జీపు డ్రైవరు, దారిలో నడిచిపోతున్నవాళ్ళ మీద నీళ్ళు చింది పడకుండా ప్రతి గుంట దగ్గరా నెమ్మదించాడు.

భోజనాలకు ప్రతి ఊరూ ఒక కూర తేవాలని చెప్పారు. మావాళ్ళు గుమ్మడికాయలు తెచ్చారు. మైదానం వెనక రేకుల కింద వంట. వంటమనిషి యర్రమ్మ పొద్దుట నుంచీ పొగలో అరుస్తూనే ఉంది. మైదానానికీ వంట దగ్గరికీ మధ్య ఒక కాలవ, కాలవ మీద మట్టిగట్టు. గట్టు మీద ఒకరే పడతారు. రెండు పక్కలా బురద.

అనురాధ గారు బంతిపూలు తెచ్చారు. తెచ్చి, డోలీకి తామే చుట్టారు. ఎవరూ కాదనలేదు. రాజకుమారి వచ్చి ఆ డోలీని చూసింది. పూలను చూసింది. ఆవిడ చేతులు చాచి ఎత్తబోతే పక్కకు జరిగింది. ఫల్గుణ ఈలోగా పెద్ద గుమ్మడికాయను దొర్లించుకొచ్చి, పూల మధ్య కూర్చోబెట్టాడు.

“ఈడే రోగి,” అన్నాడు. “బాగా జొరం. ఒళ్ళంతా పసుపెక్కిపోనాది.”

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. అనురాధ గారికి కూడా నవ్వొచ్చింది, ఆపుకున్నారు. రాజకుమారి వెనక కొస కింద భుజం పెట్టింది. ఇద్దరూ లేచారు.

ప్రేమ్‌కుమార్ గారు ఆ మట్టిగట్టు మీదే గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. మైదానంలో బురద కాని చోటు అదొక్కటే. శుభ్రంగా దువ్విన తల, మెరిసే బూట్లు, మర్యాదగల మాట. పిల్లలు గట్టు మొదలుకు వచ్చేసరికి చెయ్యి ఎత్తారు.

“ఆగండి నాన్నా, ఆగండి. ఈ పాపేనా రాజకుమారి? మాస్టారూ, ఆ కర్ర తీసేయండి. పాప ఒంటరిగా నడవాలి. కర్ర ఉంటే నాకేం తెలుస్తుంది?”

ఫల్గుణ ఆగాడు, కానీ కర్ర దించలేదు. రాజకుమారి నా వైపు చూసింది.

నా ఉద్యోగమంతా అధికారులు చెప్పింది చేస్తూనే గడిచింది. చేతులు వాటంతట అవే ముందుకు రాబోయాయి. వాటిని వెనక్కి కట్టుకున్నాను.

“పిల్ల పనిలో ఉందండీ,” అన్నాను. “అయ్యాక అడగండి.”

“ఇది పరీక్ష మాస్టారూ. పని కాదు.”

“ఆమెకు పనేనండీ.”

“కాయ ఎవరైనా మోస్తారు. మీరు కర్ర అందుకోండి, రెండు నిమిషాలు.”

నేను కదల్లేదు. ఆయన ఆశ్చర్యంగా చూశారు. అప్పుడు డోలీ వెనక నుంచి సన్నటి గొంతు లేచింది.

“బరువు!”

“బరువు! బరువు!” అన్నాడు ఫల్గుణ.

ఆయనకు అర్థం కాలేదు. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ అయింది. కాలవ ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్ళు, జీపు దగ్గరి మగవాళ్ళు, అందరూ ఆయన వైపే చూడసాగారు. పిల్లను ఎవరూ చూడటం లేదు. తోవకడ్డంగా నిలబడ్డ మనిషిని ఎలా చూస్తారో అలా ఆయనను చూస్తున్నారు.

“బాబూ, బరువొత్తంది,” అన్నారెవరో మెత్తగా. “పక్కకి దిగండి.”

“ఒక్క నిమిషం...”

“ఓ గొడుగు బాబూ!” వంట పొగలోంచి యర్రమ్మ కేక. “నీ కాళ్ళట్టుకుంటాను, తప్పుకో! ఆ కాయ రాక నా కూర ఆగిపోనాది!”

ఆయన కింద బురదను చూశారు. బూట్లను చూశారు.

“మా తోవలో బరువెదురొత్తే కలెట్రుగారైనా దిగాల్సిందే బాబూ,” అంది దేముడమ్మ. గొంతు పెంచలేదు.

ప్రేమ్‌కుమార్ గారు దిగారు. ఒక కాలు చీలమండ దాకా దిగింది. రెండోదీ దిగింది. గొడుగును మాత్రం పిల్లలకు తగలకుండా వెనక్కి వంచి పట్టుకున్నారు. ఆ మనిషిలో మంచితనం ఉందని నాకప్పుడే తెలిసింది.

ఫల్గుణ గట్టెక్కాడు. వెనకే రాజకుమారి. ఎడమ కాలు, ఆగి కుడి కాలు, మడమ ఆనిందా లేదా అని నేను మెడ చాచాను. సగం దూరం వెళ్ళాక తడి మట్టి జారింది. ఆమె కుడి మోకాలు గట్టుకు కొట్టుకుంది. అనురాధ గారు అమ్మో అంటూ చేతులు చాచి ముందుకు ఉరికారు.

“ముట్టుకోకండి!”

దేముడమ్మ అలా అరవడం నేనెప్పుడూ వినలేదు. అనురాధ గారు చేతులు గాలిలో ఉంచి ఆగిపోయారు.

కర్ర ఇంకా రాజకుమారి భుజం మీదే ఉంది. ఫల్గుణ వెనక్కి తిరగలేదు. మోసేవాళ్ళు తిరగరు, తిరిగితే బరువు ఊగుతుంది. వాడు మోకాళ్ళు కొద్దిగా వంచి, కర్రను కిందికి దించి, అలాగే నిలబడ్డాడు. “లెగు. నానున్నాను,” అన్నాడు ముందుకు చూస్తూనే. ఆమె ఎడమ చెయ్యి కర్రను పట్టుకుంది. అది చాలలేదు. అప్పుడు కుడి గుప్పిట పైకి వచ్చింది. వణుకుతూ వచ్చి కర్ర మీద పడింది, జారింది, మళ్ళీ పడింది. బొటనవేలు కర్ర కిందకు వెళ్ళింది. ఆమె లేచింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మోత మోసేవాళ్ళకు ఎవరు కొడతారు? ఇద్దరూ గట్టు దాటి, పొగలోకి వెళ్ళి, కాయను దించారు. “ఇంతసేపేటే?” అంది యర్రమ్మ, కత్తిపీట ముందుకు లాక్కుంటూ.

ప్రేమ్‌కుమార్ గారు బురదలోంచి పైకి వచ్చి, జేబురుమాలుతో బూట్లు తుడుచుకోబోయి మానుకున్నారు. రాజకుమారి పరీక్షకు తిరిగి వస్తుందని కాసేపు ఎదురుచూశారు. ఆమె రాలేదు. యర్రమ్మ పక్కన కూర్చుని గుమ్మడి గింజలు ఏరుతోంది.

“అమ్మా,” అన్నారాయన దేముడమ్మతో. “నేను పాపకు చెడు కోరే మనిషిని కాదు. అక్కడ డాక్టరు ఉన్నాడు.”

“డాట్రుని పంపండి బాబూ. ఎప్పుడొచ్చినా నాను కూడెడతాను. నా గుంటని మాత్రం పంపను.”

“రోజూ బడికి ఎవరు మోస్తారు మరి? అసలు ప్రశ్న అదే కదా.”

“ఎవులూ మొయ్యరు. అదే మోత్తాది. మద్దేనం బడి పిల్లలకి గుడ్లూ కూరలూ పైకి ఎవులు సేరుత్తన్నారిప్పుడు? ఆ పై బడి మాస్టరే కదా, రొప్పుకుంటూ. ఇదీ, ఆ ఫల్గుణగాడూ సేరుత్తారు.”

ఆయన నా వైపు తిరిగారు. నేను తల ఊపాను. గుడ్లు పగులుతాయి కొన్ని, అది వేరే సంగతి.

ఆయన వంట పొగలో గింజలు ఏరుతున్న పిల్ల వైపు చూశారు. జల్లు ఆగింది. చివరికి, “సరే, ఈ ఏడాదికి పాపని ఇక్కడే ఉండనివ్వండి,” అన్నారు.

“నాను మిమ్మల్ని అడగనేదు గదా బాబూ,” అంది దేముడమ్మ. 

అని, తల మీది తడి గుడ్డ పిండుకుని, ఆయనకు తుడుచుకోవడానికి ఇచ్చింది. ఆయన తీసుకున్నారు.

అనురాధ గారు ఫొటోలకని తెచ్చిన ఫోను ఎప్పుడో సంచీలో పడేశారు. ఇప్పుడు చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, జీపు దగ్గర మిగిలిన కాయలను కాలవ ఒడ్డుకు చేరవేస్తున్నారు. ఫల్గుణ ఖాళీ డోలీని ఇవతలికి తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేసి, ఆకలేసి విస్తరి ముందు కూర్చున్నాడు, వాడిని కదిలించడం ఎవరి తరమూ కాదు. యర్రమ్మకు ఇంకో కాయ కావాలి.

రాజకుమారి గట్టు ఇవతలికి వచ్చింది. ఆ చివర నుంచి ఈ చివరకు గట్టు మీదుగా, కర్ర లేకుండా, ఒక్కతే వచ్చింది. ఎవరూ చూడమని చెప్పలేదు కాబట్టి నేను తప్ప ఎవరూ చూడలేదు. నా ముందు నిలబడి డోలీ కర్రను కాలితో తట్టింది.

“మాస్టారూ, కాలీగున్నావు గదా. ముందట్టు.”

అనురాధ గారు చీరలో ఒక కాయ పెట్టారు. నేను కర్ర ముందు కొసను భుజానికెత్తుకున్నాను. నా ఎత్తుకు కాయ జారి ఆమె మొహం మీదికి వచ్చింది.

“దిగు,” అంది.

మోకాళ్ళు వంచాను. నడుం కలుక్కుమంది.

“ఇంకా దిగు,” అంది రాజకుమారి.